కెనాన్ 200డికి వైడ్ యాంగిల్: 10-18 సరిపోతుందా, టొకినా 11-16 కొనాలా?

ప్రశ్న:
నా దగ్గర కెనాన్ 200డి, దానితో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ ఉన్నాయి. ఎక్కువగా తీసేవి గుళ్ల మండపాలు, పైకప్పు శిల్పాలు. రామప్ప, లేపాక్షి లాంటి చోట్ల 18 దగ్గర పెట్టినా సగం స్తంభాలు ఫ్రేములో పట్టవు, వెనక్కి జరుగుదామంటే చోటుండదు. అప్పుడప్పుడూ రాత్రి ఆకాశం కూడా తీస్తాను. ఈఎఫ్-ఎస్ 10-18 ఐఎస్ ఎస్‌టీఎం, టొకినా 11-16 ఎఫ్2.8, రెండూ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. మున్ముందు పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌కి మారే ఆలోచన ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
గుళ్లే ముఖ్యమైతే 10-18 తీసుకోండి. మీ కెమెరాలో 18 దగ్గర అడ్డంగా పట్టేది సుమారు 64 డిగ్రీలు, 10 దగ్గర 96. తేడా చాలా పెద్దది. పైగా మండపాల్లో ట్రైపాడ్‌కి అనుమతి దొరకడం కష్టం, చేత్తోనే తీయాలి. ఐఎస్ (చేతి వణుకు ప్రభావాన్ని తగ్గించే ఏర్పాటు) ఉంది కాబట్టి 10 ఎంఎం దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడితే 1/4 సెకనులో కూడా శిల్పం స్పష్టంగా వస్తుంది. బరువు 240 గ్రాములే, టొకినా దానికి రెట్టింపు పైనే. అయితే మనుషులు కదులుతుంటే ఐఎస్ ఏమీ చేయలేదు.

జవాబు 2:
ఆకాశం దగ్గరికొచ్చేసరికి నేను ఒప్పుకోను. ఎఫ్4.5 కన్నా ఎఫ్2.8లో రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). 11 ఎంఎం, ఎఫ్2.8, ఐఎస్‌ఓ 3200, 20 సెకన్లు: అంతకుమించితే చుక్కలు గీతలవుతాయి. ఇంకో సంగతి, 10-18 లాంటి ఎస్‌టీఎం లెన్స్‌లో ఫోకస్ రింగ్ కరెంటుతో నడుస్తుంది, దూరం చూపే గీతలుండవు. చీకట్లో లైవ్ వ్యూ (స్క్రీన్ మీదే దృశ్యం) పెట్టి, ప్రకాశమైన నక్షత్రాన్ని 10 రెట్లు పెంచి చూసి ఫోకస్ చేయాలి. టొకినాకి దూరం స్కేలు ఉంది. దాని లోపం కూడా చెప్పాలి: సూర్యుడు ఫ్రేములో ఉంటే ఫ్లేర్ (వెలుతురు మరకలు) ఎక్కువగా వస్తుంది, అంచుల్లో ఊదా రంగు కనిపిస్తుంది.

ఫుల్ ఫ్రేమ్ మాట: చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి అసలు ఎక్కదు. టొకినా ఎక్కుతుంది, కానీ 16 దగ్గర మాత్రమే నాలుగు మూలలూ నిండుతాయి. ఆ ఆలోచనతో ఏదీ కొనకండి.

ప్రశ్న అడిగినవారు:
ఆకాశం ఏడాదికి రెండుమూడు సార్లే. 10-18 వైపే మొగ్గుతున్నాను. కొనేముందు ఏం చూడాలి?

జవాబు 3:
ఇటుక గోడకి సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టి, 10 ఎంఎం, ఎఫ్4.5లో తీసి, నాలుగు మూలల్నీ 100 శాతంలో పోల్చండి. నాలుగూ కొంచెం మెత్తగా ఉంటే ఫర్వాలేదు. ఒక్క మూలే మసకగా ఉండి, కెమెరా తలకిందులు చేసి తీసినా ఫోటోలో అదే మూల మసకైతే లోపల గాజు పక్కకి జరిగింది, వదిలేయండి. తర్వాత వెనక మూత తీసి మొబైల్ టార్చి ఏటవాలుగా వేయండి, సాలెగూడులా పోగులు కనిపిస్తే ఫంగస్. మన తీరప్రాంతపు తేమలో అది త్వరగా పడుతుంది. ఫిల్టర్ 67 ఎంఎం, పల్చటి ఫ్రేముది కొనండి. ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ మాత్రం వద్దు, ఇంత వెడల్పులో ఆకాశం ఒకవైపు ముదురుగా, ఇంకోవైపు తెల్లగా వస్తుంది. కెమెరా ఫ్లాష్ కూడా వాడకండి, ఆ వెలుతురు 10 ఎంఎం వెడల్పుకి చాలదు.

మండపంలో కెమెరాని పైకి ఎత్తితే స్తంభాలు లోపలికి వాలతాయి. మట్టంగా పట్టి, ఎక్కువైన నేల భాగాన్ని తర్వాత కత్తిరించండి. ఎఫ్8లో 70 సెంటీమీటర్ల దూరానికి, అంటే చేయి చాపినంత దూరంలోని వస్తువుకి ఫోకస్ చేసి, మాన్యువల్ ఫోకస్, అంటే ఎంఎఫ్‌కి మార్చండి: 35 సెంటీమీటర్ల నుంచి చివరిదాకా స్పష్టమే. పైకప్పుకి తిప్పుడు స్క్రీన్ ఉంది కదా: కెమెరాని నేలమీద వెల్లకిలా పెట్టి, స్క్రీన్ పక్కకి తెరిచి ఫ్రేమ్ చూసుకుని, ఐఎస్ ఆపేసి, 10 సెకన్ల టైమర్ పెట్టి పక్కకి తప్పుకోండి. లేకపోతే మీ తల మూలలో పడుతుంది.