ఈసీజీలో దాచిన పేషెంటు వివరాలు అవతల చెత్తగా వస్తున్నాయి, తప్పు ఎక్కడ?

ఈసీఈ ఫైనలియర్, తిరుపతి

అందరికీ నమస్కారం. పలమనేరు వైపు ఒక పీహెచ్‌సీలో తీసిన ఈసీజీ తిరుపతిలోని గుండె డాక్టరుకు చేరాలి. పేరు, వయసు, 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు, బీపీ, షుగరు వేరే ఫైలులో కాకుండా ఆ ఈసీజీలోనే దాగి వెళ్లాలి. ఇదీ ప్రాజెక్టు. ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ డేటాబేస్ 100వ రికార్డులో ప్రతి శాంపిల్ (ఒక్కో క్షణపు కొలత) చివరి బిట్‌లో ఒక్కో బిట్ పెట్టాం. వివరాలను ముందే 8 అక్షరాల కీతో ఎక్సార్ చేశాం, అంటే కీ బిట్లతో కలిపి మార్చాం. పీఆర్‌డీ (దాచాక సిగ్నల్ ఎంత శాతం మారిందో చెప్పే కొలత) 0.07 శాతం. ల్యాప్‌టాప్‌లో అంతా సరిగ్గా తిరిగొస్తోంది. ఏడీ8232 ఈసీజీ చిప్, ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్‌తో బోర్డు కట్టి ఫోన్ యాప్ మీదుగా పంపితే మాత్రం అవతల చెత్త అక్షరాలే. సిగ్నల్‌ను స్థూల, సూక్ష్మ భాగాలుగా విడదీసే డీబీ4 వేవ్‌లెట్‌కు మారినా అంతే. ఎక్కడ వెతకాలి?

సిగ్నల్ ప్రాసెసింగ్, చిత్తూరు

ముందు యాప్‌ను చూడండి. చాలా యాప్‌లు 50 హెర్ట్జ్ నాచ్ (కరెంటు గోల తీసేది), 40 హెర్ట్జ్ లోపాస్ (పై ఫ్రీక్వెన్సీలు తీసేది) ఫిల్టర్లు వేశాకే పంపుతాయి. ఫిల్టర్ తగిలితే ప్రతి శాంపిలూ కాస్త జరుగుతుంది, చివరి బిట్‌లో ఉన్నది పోతుంది. శాంపిల్ రేటు మార్చినా, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టినా అదే గతి. పంపే వైపు ఫిల్టర్లన్నీ అయ్యాకే దాచాలి. అందుకునే వైపు ముందు వివరాలు తీసి, ఆ తర్వాతే ఏ ఫిల్టరైనా. మధ్యలో పూర్ణాంకాలు ఉన్నవి ఉన్నట్టు వెళ్లాలి. ఎంఐటీ రికార్డులను డబ్ల్యూఎఫ్‌డీబీ సాఫ్ట్‌వేర్‌తో చదివేటప్పుడు కూడా మిల్లీవోల్టుల్లో కాదు, డిజిటల్ విలువలుగానే తెచ్చుకోండి.

డీబీ4 ఎందుకు పనిచేయలేదంటే, దాని గుణకాలు దశాంశాలు. వెనక్కి మార్చి రౌండ్ చేసేసరికి బిట్ తారుమారవుతుంది. పూర్ణాంకాల మీదే నడిచే 5/3 లిఫ్టింగ్ అనే వేవ్‌లెట్ వాడండి. ముందుకీ వెనక్కీ ఒక్క యూనిట్ కూడా తేడా రాదు. 360 హెర్ట్జ్‌లో 10 సెకన్ల బ్లాకు అంటే 3,600 శాంపిళ్లు. ఒక్క స్థాయి విడదీస్తే 1,800 స్థూల గుణకాలు, 1,800 సూక్ష్మ గుణకాలు. సూక్ష్మ గుణకం చివరి బిట్‌లో మాత్రమే దాచండి. అలా దాస్తే ఏ శాంపిలూ 1 యూనిట్‌కు మించి మారదు. ఎంఐటీ రికార్డుల్లో మిల్లీవోల్టుకు 200 యూనిట్లు కాబట్టి అది 5 మైక్రోవోల్టులు. మీ బోర్డు గెయిన్ వేరు, 1 మిల్లీవోల్టు పల్స్ ఇచ్చి కొలుచుకోండి.

మీ 0.07 శాతం గురించి ఒక మాట. ప్రతి శాంపిల్‌లో చివరి బిట్ మారిస్తే సగటున సగం శాంపిళ్లు 1 యూనిట్ మారతాయి, అంటే ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) దోషం 0.7. దాన్ని 1024తో భాగిస్తే సరిగ్గా 0.07 శాతం. ఆ 1024 బేస్‌లైన్ (సున్నా వోల్టులకు నిలిచే అంకె), గుండె సిగ్నల్ కాదు! మీరు దాన్ని తీసెయ్యలేదు. సిగ్నల్ అసలు ఊపు ఆర్‌ఎంఎస్‌లో 40 యూనిట్లు ఉందనుకుంటే నిజమైన పీఆర్‌డీ 1.8 శాతం. రిపోర్టులో వేసేముందు దిద్దుకోండి, ఎగ్జామినర్ మొదట అడిగేది ఇదే.

కార్డియాక్ టెక్నీషియన్, తిరుపతి

డాక్టరు చూసేది పీఆర్‌డీని కాదు. ఎస్‌టీ సెగ్మెంట్ (ప్రతి పెద్ద మొన తర్వాతి గీత) కాగితం మీద 1 మిల్లీమీటరు లేస్తే, అంటే 0.1 మిల్లీవోల్టు, అక్కడే గుండెపోటు అనుమానం మొదలవుతుంది. 5 మైక్రోవోల్టులు కాగితం మీద 0.05 మిల్లీమీటరు, అది కంటికి ఆనదు. అయినా ఆర్ శిఖరానికి (ప్రతి గుండె చప్పుడులో ఎత్తైన మొన) అటూ ఇటూ 50 మిల్లీసెకన్లు వదిలేయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల ఈసీజీలో అసలు దాచకండి, ఆ సన్నటి స్పైకులు ఉండేది పై ఫ్రీక్వెన్సీల్లోనే.

12 లీడ్లకు (గుండెను 12 కోణాల్లో చూసే గీతలు) వెళ్తే ఇంకో చిక్కు. లీడ్ 1, 3 కలిపితే లీడ్ 2 రావాలి. మూడింటిలోనూ విడివిడిగా దాస్తే ఆ లెక్క తప్పుతుంది. 1, 2, వీ1 నుంచి వీ6 వరకు ఎనిమిదే పంపి, ఒక్కదాంట్లోనే దాచి, మిగతావి అందుకున్న చోట లెక్కకట్టించండి.

సిగ్నల్ ప్రాసెసింగ్, చిత్తూరు

ఆర్ శిఖరాలను స్థూల గుణకాల మీదే వెతకండి. దాచేటప్పుడు అవి మారవు కాబట్టి రెండు వైపులా వదిలే చోట్లు ఒకటే వస్తాయి. దాచిన సిగ్నల్ మీద వెతికితే ఒక్క శిఖరం ఒక్క శాంపిల్ జరిగినా అక్కడి నుంచి బిట్లన్నీ పక్కకు పోతాయి. నిమిషానికి 75 కొట్టుకునే గుండెకు ఇవి తీసేశాక 1,560 బిట్ల దాకా మిగులుతాయి. ఎలక్ట్రోడ్ ఊడి సిగ్నల్ అంచులకు అంటుకుంటే ఆ బ్లాకులో దాచొద్దు. పంపేముందు బోర్డులోనే ఒకసారి వెనక్కి తీసి సరిచూసుకోండి.

నెట్‌వర్క్ సెక్యూరిటీ, తిరుపతి

దాచడం వేరు, తాళం వేయడం వేరు. 8 అక్షరాల ఎక్సార్ తాళం కాదు. 'పేరు', 'వయసు' లాంటి తెలిసిన మాటలు ప్రతి రికార్డులో అదే చోట వస్తాయి కనుక కీ ఇట్టే బయటపడుతుంది. పైగా 40 హెర్ట్జ్ ఫిల్టర్ వేసిన సిగ్నల్‌లో సూక్ష్మ గుణకాలు దాదాపు సున్నాలే, దాచిన బిట్లు వాటిమధ్య ఎవరికైనా కనిపిస్తాయి. కాబట్టి ఏఈఎస్-జీసీఎం అనే గట్టి తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి అప్పుడు దాచండి. 100 బైట్ల వివరాలకు 12 బైట్ల నాన్స్ (ప్రతిసారీ మారే అంకె), 16 బైట్ల ట్యాగ్ (వివరాలు మారలేదని చూపే ముద్ర) కలిపితే 128 బైట్లు, అంటే 1,024 బిట్లు. 1,560లో పడతాయి. పేరు తెలుగులో రాస్తే మాత్రం చూసుకోండి: 'వెంకటేశ్వర్లు' ఒక్కటే యూటీఎఫ్-8లో 39 బైట్లు.

నాన్స్ ఎప్పుడూ తిరిగి రాకూడదు. నాన్స్‌కు వాడే కౌంటరును ర్యామ్‌లో పెడితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సున్నా నుంచి మొదలై, అదే కీ మీద అదే నాన్స్ పడుతుంది. జీసీఎం రక్షణ అక్కడితో పోయినట్టే. ఫ్లాష్‌లో రాయండి, లేదా వైఫై ఆన్‌లో ఉంచి ఈఎస్‌పీ32 సొంత ర్యాండమ్ జనరేటర్ వాడండి.

ట్యాగ్ సరిపోకపోతే పేరు చూపించకూడదు, ఈసీజీ మాత్రం ఆపకూడదు. 'పేరు నిర్ధారణ కాలేదు' అని పైన వేసి డాక్టరుకు చూపించండి, పీహెచ్‌సీకి ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఈసీఈ ఫైనలియర్, తిరుపతి

బేస్‌లైన్ తీయలేదు సార్, నిజమే. బ్లాకు అంచుల్లో లిఫ్టింగ్‌కు పక్క శాంపిల్ ఉండదు కదా, పక్క బ్లాకు నుంచి తెచ్చుకోవాలా?

సిగ్నల్ ప్రాసెసింగ్, చిత్తూరు

తేవద్దు. చివరి బేసి శాంపిల్‌కు కుడివైపు సరి శాంపిల్ ఉండదు, ఎడమదాన్నే రెండుసార్లు వాడండి. మొదటి సరి శాంపిల్‌కు ఎడమ సూక్ష్మ గుణకం ఉండదు, కుడిదాన్నే రెండుసార్లు. అప్పుడు ఏ బ్లాకుకు ఆ బ్లాకు స్వతంత్రం. 30 సెకన్ల రికార్డులో మూడు బ్లాకుల్లోనూ పూర్తి వివరాలు పెట్టండి. దారిలో సిగ్నల్ లేక రెండు పోయినా మూడోది చాలు.