థండర్‌బర్డ్‌లో ఒకే మెయిల్ రెండుసార్లు దిగుతోంది, ఎట్ల ఆపాలి?

అనంతపురంలో ఎరువుల అంగడి కంప్యూటర్ ఇది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచిపెడితే బిల్లింగ్ ముందుకు కదలదు. అందుకే మెయిల్‌కు థండర్‌బర్డ్, మిగతావాటికి ఫైర్‌ఫాక్స్. ఫైర్‌ఫాక్స్‌తో పేచీ లేదు, యాడ్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసినాక పేజీలు ఇంకా తేలికైనాయి.

చిక్కంతా థండర్‌బర్డ్‌తోనే. ఐమ్యాప్ (మెయిళ్లు సర్వర్‌లోనే ఉంచి అన్ని పరికరాల్లో చూపే పద్ధతి), పోర్ట్ 993, పంపేదానికి 465, రెండుచోట్లా ఓఆత్2 (గూగుల్ పేజీ ద్వారా లాగిన్ అయ్యే పద్ధతి). ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిలే 'ఆల్ మెయిల్'లో మళ్లీ దిగుతోంది. జీమెయిల్ లేబుళ్లను ఐమ్యాప్ ఫోల్డర్లుగా చూపిస్తుంది కాబట్టి ఇట్లయితాదని తెలుసు. జీమెయిల్ సెట్టింగుల్లో లేబుల్స్ కింద ఆల్ మెయిల్‌కు 'షో ఇన్ ఐమ్యాప్' టిక్కు తీసేస్తే, థండర్‌బర్డ్‌లో ఆర్కైవ్ నొక్కిన మెయిల్ యాడికి పోతాది?

రెండోది. ఇన్‌బాక్స్ మెయిళ్లన్నీ ఒకేచోట దాచే ఎంబాక్స్ ఫైల్ 3.6 జీబీ. పాత కొటేషన్లు, పీడీఎఫ్‌లు వందల్లో తీసేసినా సైజు తగ్గలేదు. కంపాక్ట్ (తీసేసిన మెయిళ్లను ఫైల్‌లోంచి నిజంగా తుడిచే పని) చేసేదాకా తగ్గదు. కంపాక్ట్‌కు కొత్త కాపీ రాసుకునే జాగా కావాల, సీ డ్రైవ్‌లో మిగిలింది 2 జీబీ. అకౌంట్ సెట్టింగుల్లో 'లోకల్ డైరెక్టరీ'ని డీ డ్రైవ్‌కు మారిస్తే ఆ తాత్కాలిక ఫైల్ కూడా డీలోనే పడుతుందా, సీలోనేనా? ఫైల్ తుడిచేసి మళ్లీ దింపుకోవడం చివరి దారి, ఇక్కడి నెట్‌తో అది రాత్రంతా పని.

పాప్‌కు (మెయిళ్లను ఒక కంప్యూటర్‌కు దింపుకునే పాత పద్ధతి) మారమనొద్దు, అవే మెయిళ్లు ఫోన్‌లో కూడా చూడాల.