కాన్పు అయ్యాక ఇంటికొచ్చే నర్సు: రానివ్వాలా, వద్దా?

ఎడిసన్_రవి:
వచ్చే నెల మా ఆవిడకు డెలివరీ. న్యూజెర్సీలో 'ఫ్యామిలీ కనెక్ట్స్' అని ఒక పథకం ఉంది. బిడ్డ పుట్టిన రెండు వారాల్లోపు నర్సు ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూసి వెళ్తుంది, పైసా కట్టక్కర్లేదు. 2021లో చట్టం చేశారు, 2024 జనవరిలో మా మిడిల్‌సెక్స్‌తో సహా ఐదు కౌంటీల్లో మొదలుపెట్టారు. ఆవిడ పేరు రాయించుకుందాం అంటోంది. కాన్పుకని వచ్చిన అత్తగారూ మామగారూ ససేమిరా అంటున్నారు. పిల్లల్ని హింసించడం, పట్టించుకోకపోవడం తగ్గించాలన్నది కూడా ఇలాంటి పథకాల ఉద్దేశమని తెలిసినప్పటి నుంచి మామగారికి నిద్ర లేదు. "మనమే పిలిచి ఇంట్లో కూర్చోబెట్టుకుంటామా?" అంటారు. నాకూ కాస్త బెరుకుగానే ఉంది. మీరేమంటారు?

ప్లానో_సాయి:
మీ మామగారి మాట వినండి. 2012లో నార్వేలోని ఓస్లోలో మన తెలుగు దంపతులకు కన్నకొడుకు విషయంలో జైలు శిక్ష పడింది. న్యూజెర్సీలోనైతే అనుమానం వచ్చిన ఎవరైనా రిపోర్టు చేసి తీరాలని చట్టం. నర్సు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా చూసీ చూడనట్టు వదలడానికి వీల్లేదు. పచ్చి బాలింత, కంటి మీద కునుకుండదు, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటాడు. అలాంటప్పుడు "వీణ్ని ఎక్కడైనా పారేసి రావాలనిపిస్తోంది" అని విసుక్కోవడం మన ఇళ్లలో మామూలే. వచ్చినావిడ దాన్ని కాగితం మీద రాసుకుంటే? పిల్లల డాక్టరు ఎలాగూ మొదటి వారంలో చూస్తారు. మధ్యలో ఇంకో మనిషి ఎందుకు?

కవిత_ర:
సాయి గారూ, ఓస్లో కేసులో ఇంటికొచ్చిన నర్సు ఎవరూ లేరు. బాబు బడిలో చెప్పిన మాటలతో అది మొదలైంది, హింస జరిగిందని కోర్టు తేల్చింది. ఇక రిపోర్టు చేయాల్సిన బాధ్యత ఎవరికైనా ఉందని మీరే అన్నారు. అంటే పిల్లల డాక్టరుకూ ఉంది, డేకేర్ ఆవిడకూ ఉంది. అలాగని టీకాలు వేయించడం మానేస్తామా?

ఈ ఫ్యామిలీ కనెక్ట్స్ పద్ధతి నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో పుట్టింది. 2009 జులై నుంచి 2010 డిసెంబరు దాకా అక్కడ 4,777 కాన్పులు జరిగితే, సరి తేదీల్లో పుట్టిన పిల్లల ఇళ్లకు నర్సు వస్తానంది, బేసి తేదీల వాళ్లకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఉన్నవాళ్లా లేనివాళ్లా అని చూడలేదు. ఏడాది తిరిగేసరికి సరి తేదీ పిల్లలకు ఎమర్జెన్సీ వైద్యం అవసరం సగానికి తగ్గింది. ఐదేళ్లు నిండేసరికి ఆ కుటుంబాల మీద పిల్లల సంరక్షణ శాఖ దర్యాప్తులు దాదాపు 40 శాతం తక్కువ. నర్సును రానిస్తే కేసులు మీదపడతాయన్న భయానికి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

మా పాప పుట్టినప్పుడు నేను పేరు రాయించుకున్నాను. నర్సు పాపను తూకం వేసి, వెల్లకిలా తిప్పి, బోర్లా తిప్పి చూసింది. నడుము కింద నీలం మచ్చ ఉంది. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది, చూడ్డానికి అచ్చం దెబ్బకు కమిలినట్టే ఉంటుంది. అది పుట్టుమచ్చేనని, ఎక్కడుందో ఎంతుందో రాసి, పిల్లల డాక్టరు ఫైల్లో కూడా రాయించమంది. రేపు డేకేర్‌లో ఎవరికైనా అనుమానమొస్తే మనకు ఆ కాగితమే సాక్ష్యం. తర్వాత మా అత్తగారిని పాపతో కాసేపు పక్కగదిలో ఉండమని మర్యాదగా అడిగి, నన్ను పది ప్రశ్నలు అడిగింది. కాన్పు తర్వాత తల్లికి దిగులు పట్టుకుందేమో చూసే ఎడిన్‌బరో స్కేల్ అంటారు. మునుపటిలా నవ్వగలుగుతున్నారా, కారణం లేకుండా భయం వేస్తోందా... పదోది, మీకు మీరే హాని చేసుకోవాలనిపించిందా అని. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని కూడా అడిగింది. పెళ్లయ్యాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకు ఆ బాధ లేదు. ఉన్న అమ్మాయి సంగతి ఆలోచించండి.

ప్లానో_సాయి:
లెక్కలు మీ వైపే లేవు. ఇంగ్లండులో ఇరవై ఏళ్లలోపు తల్లులను 1,600 మందికి పైగా తీసుకుని, కొందరి ఇళ్లకు నర్సుల్ని పంపి పరీక్షించారు, 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సిగరెట్ మానడంలో, బిడ్డ బరువులో, రెండేళ్లలోపు మళ్లీ గర్భం రావడంలో, బిడ్డను ఆస్పత్రికి పరిగెత్తించడంలో, దేంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

కవిత_ర:
అది వేరే పథకం. పైగా ఇంగ్లండులో హెల్త్ విజిటర్ అనే నర్సు మామూలుగానే పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్తుంది. ఉన్నదాని మీద ఇంకా చేర్చి చూశారు. ఇక్కడ ఆస్పత్రి నుంచి రెండో రోజు ఇంటికి పంపేస్తే తర్వాత వారాల తరబడి తల్లి మొహం చూసే దిక్కే ఉండదు.

ఖమ్మం_విజయ:
నేను ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. సాయి బాబూ, ఇంటికి మనిషి రావడం మనకు కొత్తేం కాదు. ఆస్పత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు వెళ్లి చూస్తుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్లలో పల్లెటూరి ఆడవాళ్లకే నేర్పించి ఇంటికి పంపితే పసికందుల చావులు 62 శాతం తగ్గాయి. ఆ దారి ఫలితమే ఇది. కానీ మా ఫారంలో ఉండేది బిడ్డ జ్వరం, బరువు, బొడ్డు, పాలు, తల్లి రోజుకు ఎన్నిసార్లు తిన్నదన్న లెక్క. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని బాలింతకు వేళకు ఇంత అన్నం పెట్టని ఇల్లు చూశాను. ఎందుకు పెట్టలేదో రాయడానికి ఫారంలో గడి లేదు.

కవితమ్మా, నీతో కూడా ఒక పేచీ ఉంది. ఒక్కసారి వచ్చి పోతే ఏ కోడలూ నోరు విప్పదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్‌మైరా ఊళ్లో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 1977లో ఇలాంటిదే మొదలుపెట్టినప్పుడు, తల్లి కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా నర్సు వెళ్లేది. పదిహేనేళ్ల తర్వాత చూస్తే పిల్లల మీద హింస, నిర్లక్ష్యం కేసులు దాదాపు సగమే ఉన్నాయి. అంతచేసినా మొగుడు బాగా కొట్టే ఇళ్లలో ఫలితం కనపడలేదు. నర్సొస్తే అన్నీ చక్కబడతాయని మాత్రం రవికి చెప్పకు.

కవిత_ర:
ఒప్పుకుంటాను విజయమ్మగారూ. అందుకే ఇక్కడ అవసరమున్న వాళ్లకు నర్సే కౌన్సెలర్ నంబరో, గృహహింస సాయమో చూపించి వెళ్తుంది. కానీ ముందు ఆ అవసరం ఎవరికో ఒకరికి తెలియాలి కదా? గొడవలున్న ఇళ్లనే ఏరి వెళ్తే గుమ్మంలో నర్సు కనపడగానే నలుగురూ చెవులు కొరుక్కుంటారు. అందరిళ్లకూ వెళ్తే ఎవరూ వేలెత్తి చూపరు.

ఎడిసన్_రవి:
అత్తగారు తేనె నాకించాలి, వస పోయాలి, కాటుక పెట్టాలి అంటున్నారు. అవన్నీ చూస్తే నర్సు ఊరుకుంటుందా?

కవిత_ర:
మానమని చెబుతుంది, రిపోర్టు రాయదు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, పసిపిల్లల్లో బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలల దాకా పాలు తప్ప ఏదీ వద్దు, వస అసలే వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. ఈ మాటలు మీరు చెబితే అత్తగారు వింటారా?

ఎడిసన్_రవి:
ఇదంతా మామగారికి చదివి వినిపించాను. సరే, రానీ అన్నారు. ఆ పది ప్రశ్నలప్పుడు పక్కగదిలోకి వెళ్లడానికి అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు.

ఖమ్మం_విజయ:
ఒప్పించు బాబూ. ఆవిడతో పాటు నువ్వూ బయటికి వెళ్లాలి.