కాన్‌స్టాంటైన్ బంగారు నాణేల మీద సూర్యదేవుడు: నమ్మకమా, టంకశాల అలవాటా?

ప్రశ్న: క్రీ.శ. 312లో మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచాక రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ క్రైస్తవుల పక్షం వహించాడంటారు. అయినా సుమారు 325 దాకా ఆయన బంగారు నాణేల మీద రోమన్ల సూర్యదేవుడు సోల్ కనిపిస్తూనే ఉన్నాడు. టంకశాలలవారు పాత బొమ్మలనే కొనసాగించారని నా అభిప్రాయం. విజయదేవత విక్టోరియా కూడా క్రైస్తవ చక్రవర్తుల నాణేల మీద చాలాకాలం నిలిచింది, అంతమాత్రాన వారిని ఆమె భక్తులని ఎవరూ అనరు కదా.

మొదటి సమాధానం: విక్టోరియా ఉదాహరణ బలమైనదేనండీ. అయితే అంతా అలవాటే అయితే మిగతా దేవతలూ నిలవాలి. జూపిటర్, మార్స్ ఆయన నాణేల మీది నుంచి ముందే తప్పుకోగా, వెనుక మిగిలింది సోల్ ఒక్కడే. పైగా 313లో టిసినంలో, అంటే నేటి పావియాలో, ముద్రించిన తొమ్మిది సాలిడస్‌ల (ఆనాటి రోమన్ బంగారు నాణేల) బరువున్న బంగారు పతకాన్ని చూడండి. అందులో చక్రవర్తి ముఖమూ, కిరణాల కిరీటం ధరించిన సోల్ ముఖమూ ఒకదాని వెనుక ఒకటి, కవలల్లా ఒకే వైపు చూస్తుంటాయి. చక్రవర్తి డాలు మీద సూర్యరథం కూడా ఉంది. ఇంత శ్రద్ధగా చెక్కినది పాత అచ్చు కాదు. అటువంటి పతకాలు సంతలో చెల్లుబాటయ్యే డబ్బు కాదు, పెద్దలకూ సేనానులకూ చక్రవర్తి ఇచ్చే కానుకలు; ఆయనకు ఇష్టం లేని బొమ్మ వాటి మీదికి ఎక్కుతుందని నేను నమ్మలేను. నాణేల మీద సోల్‌ను ‘కోమెస్’, అంటే సహచరుడు, అని పేర్కొనడం కూడా గమనించదగినది.

ప్రశ్నించినవారు: అదే టిసినంలో 315లో ముద్రించిన వెండి పతకంలో ఆయన శిరస్త్రాణం మీద క్రీస్తు నామాక్షరాల చిహ్నం ఉంది. దానినేమంటారు?

రెండో సమాధానం: సోల్ మీది ఆదరమూ, క్రీస్తు పక్షమూ రెండూ నిజమేనని నేను అనుకుంటున్నాను. ఆదివారం సెలవును విధించిన 321 నాటి శాసనం కూడా ఆ రోజును ‘పూజనీయమైన సూర్యుని దినం’ అనే పేర్కొంది. సోల్‌ను కొలిచే సైనికుడూ, క్రీస్తును కొలిచే పౌరుడూ ఒకే వెలుగులో తమ దైవాన్ని చూసుకునే వీలు అందులో ఉంది. 324లో సామ్రాజ్యపు తూర్పు భాగాన్ని ఏలుతున్న సహచక్రవర్తి లిసినియస్‌ను ఓడించి ఆయన ఏకైక చక్రవర్తి అయ్యాడు. ఆ మరుసటి ఏడాదికల్లా సోల్ దాదాపుగా మాయమయ్యాడు. ఇది టంకశాల మరపు కాదు, అవసరం తీరిందన్న నిర్ణయమే.