ఉగాండా పిల్లలకు క్రికెట్ నేర్పడానికి వెళ్లాలా, వద్దా?

హన్మకొండ_పోరగాడు:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. డిగ్రీ అయిపోయింది. జిల్లా జట్టుకు క్రికెట్ ఆడాను, మా కాలనీ పిల్లలకు కోచింగ్ ఇస్తుంటాను. ఒక సంస్థ వాళ్లు వాలంటీర్లను రెండు వారాలు ఉగాండా తీసుకెళ్తున్నారు. అక్కడి స్కూళ్లలో క్రికెట్ నేర్పుతూ, ఆటలోనే హెచ్ఐవీ గురించి చెప్పాలి. వాళ్ల వీడియోలో ఒక ఆట చూశాను. పిల్లలంతా గుండ్రంగా నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని బంతిని ఒకరి నుంచి ఒకరికి అందిస్తుంటారు. మధ్యలో ఉన్నవాడు ముఖాలు చూసి బంతి ఎవరి దగ్గరుందో చెప్పాలి. చెప్పలేకపోతాడు. అక్కడ కోచ్ ఆట ఆపి, 'హెచ్ఐవీ కూడా ముఖం చూస్తే తెలియదు, టెస్టు చేయించుకుంటేనే తెలుస్తుంది' అంటాడు. భలే నచ్చింది. టికెట్టు, వీసా, తిండి, బస అన్నీ మన ఖర్చే, రెండు లక్షల దాకా అవుతుంది. నాన్న ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

కాజీపేట_జంక్షన్:
సేవ చేసేది నువ్వు, డబ్బు కట్టేదీ నువ్వేనా? ఎక్కడో తేడా కొడుతోంది తమ్మీ.

పీఈటీ_విజిల్:
మీ నాన్న చెప్పిందే కరెక్ట్. ఉగాండా వాళ్లకు క్రికెట్ రాదనుకుంటున్నావా? 2023లో క్వాలిఫయర్స్‌లో జింబాబ్వేను ఓడించి, 2024 టీ20 ప్రపంచకప్ ఆడారు. అక్కడ పాపువా న్యూ గినియా మీద గెలిచారు కూడా. నువ్వు జిల్లా స్థాయి ఆడి వాళ్లకేం నేర్పుతావు?
ఆ రెండు లక్షలతో ఏటూరునాగారం వైపు ఒక్క స్కూలుకు మ్యాటు, కిట్లు, పిల్లలందరికీ బూట్లు వస్తాయి. మన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో, పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లలో 400 మీటర్లు పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ అమ్మాయికి శిక్షణ ఇచ్చింది నాగపురి రమేశ్ గారు, విమానం దిగొచ్చిన వాలంటీర్ కాదు.
ఇక హెల్త్ అవేర్‌నెస్ అంటావా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) లెక్కల్లో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. మా స్కూల్లో రెండు రౌండ్లు కొట్టగానే కళ్లు తిరిగి కూర్చునే ఆడపిల్లలున్నారు. ముందు వాళ్ల సంగతి చూడు.

మడికొండ_మిర్చి:
సార్ మొదలుపెట్టారు. ఇక రాత్రికి నిద్ర లేదు 😀

కాజీపేట_జంక్షన్:
అదంతా కాదు సార్. టికెట్టు మనం పెట్టుకున్నా ఒక అర్థముంది. తిండికీ మనమేనా? పెళ్లికి పిలిచి ప్లేటుకు డబ్బులడిగినట్టుంది.

హన్మకొండ_పోరగాడు:
అన్నా, విరాళాలు స్కూలు పనులకే వాడతారట, వాలంటీర్ ఖర్చు వాలంటీర్‌దే. సార్, నేను వాళ్ల జాతీయ జట్టుకు కోచింగ్ ఇవ్వబోవట్లేదు. బ్యాట్ ముట్టని పిల్లల దగ్గరికి వెళ్తాం. పొద్దున పిల్లలతో ఆట, సాయంత్రం అక్కడి టీచర్లకు శిక్షణ. మేం వచ్చేసినా వాళ్లు నడిపిస్తారు.

జగిత్యాల_టు_దుబాయ్:
పోనివ్వండి సార్ పిల్లాడిని. నాకు తెలిసిందొకటి చెప్తా. గల్ఫ్ మెడికల్‌లో హెచ్ఐవీ తేలితే అన్‌ఫిట్, వీసా లేదు. మా దగ్గర రక్తం తీశారు, ముద్ర కొట్టారు. ఎందుకు తీశారో ఒక్కడూ చెప్పలేదు. మా బ్యాచ్‌లో ఒకడు అన్‌ఫిట్ అయ్యాడు. ఊరికి పోతే ఏమంటారోనని ముంబైలోనే ఆగిపోయాడు. ఏజెంటుకు కట్టిన అప్పు వాళ్ల నాయిన ఇప్పటికీ తీరుస్తున్నాడు. బంతితోనో బ్యాటుతోనో, చెప్పేవాడొకడుంటే తప్పేంటి?

పీఈటీ_విజిల్:
నేనూ అదే మొత్తుకుంటున్నా. ఆ చెప్పేదేదో జగిత్యాలలో చెప్పమనండి.

ఐసీటీసీ_అక్క:
నేను హెచ్ఐవీ కౌన్సెలింగ్‌లో పనిచేస్తాను కాబట్టి రెండు మాటలు. ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) కేంద్రాల్లో 2004 నుంచి మందులు ఉచితం. 2017లో చట్టం వచ్చింది, హెచ్ఐవీ ఉందని బడిలోంచి, ఉద్యోగంలోంచి తీసేయకూడదు. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే పేరు కూడా చెప్పక్కర్లేదు. మన దగ్గర కొరత మందులకు లేదు. మందుల కోసం పక్క జిల్లాకు పోతారు, తెలిసినవాళ్లు చూస్తారని.
తమ్ముడూ, నువ్వు వాళ్లకు నేర్పడానికి పోతున్నానంటున్నావు. 1989లో ఫిలీ లుటాయా అనే పేరున్న గాయకుడు నాకు ఎయిడ్స్ ఉందని ఉగాండాలో అందరి ముందూ చెప్పాడు. ఓపిక ఉన్నంతకాలం స్కూళ్లు, చర్చీలు తిరిగి మాట్లాడాడు. అదే ఏడాది చివర్లో చనిపోయాడు. మన దగ్గర అంత పేరున్నవాళ్లు ఎవరైనా నోరు విప్పారా? ఈ విషయంలో వాళ్లు మనకు సీనియర్లు.

పీఈటీ_విజిల్:
చూశావా? మేడమే చెప్తున్నారు. అక్కడ నీ అవసరం లేదు. ఫొటోలు దిగి స్టేటస్ పెట్టుకోవడానికి తప్ప.

హన్మకొండ_పోరగాడు:
సార్, మాట జారకండి. ఫొటోల కోసమైతే రామప్ప పోయేవాణ్ణి, బస్సు చార్జీతో అయిపోయేది. మీరు ఇన్నేళ్ల సర్వీసులో మీ స్కూల్లో ఒక్కసారైనా హెచ్ఐవీ గురించి మాట్లాడారా?

పీఈటీ_విజిల్:
నన్నడుగుతున్నావా? అయితే విను. నా కబడ్డీ టీంలో ఒక పిల్లాడుండేవాడు, మంచి రైడర్. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. వాడికి జబ్బుందో లేదో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. మోకాలు చీరుకుపోతే రక్తం అంటుకుంటుందని మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. వాడిని తీసేయమని పైనుంచి ఒత్తిడి. నేను తీయలేదు. జోనల్ పోటీలకు ఏడుగురు కూడా మిగల్లేదు. నా జేబులోంచి అరటిపళ్లు, బస్సు చార్జీలు పెట్టుకున్న టీం అది. నన్నెవరూ వాలంటీర్ అనలేదు, శాలువా కప్పలేదు. నువ్వు రెండు వారాలు పోయొస్తే సర్టిఫికెట్, పేపర్లో వార్త!

మడికొండ_మిర్చి:
😶

ఐసీటీసీ_అక్క:
సార్, మీరు చేసింది చిన్న పని కాదు. కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజుల్లో ఈ బంతి ఆట ఆడించి, ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి 'ఆటలో ఇది అంటుకోదు, దెబ్బ తగిలితే కడిగి కట్టు కడితే చాలు' అని చెప్పగలిగేవారా?

పీఈటీ_విజిల్:
చెప్పనిస్తారా మేడమ్? కండోమ్ అన్న మాట వినబడితే తెల్లారేసరికి ఊరి పెద్దలు స్కూలు గేటు దగ్గరుంటారు.

హన్మకొండ_పోరగాడు:
నా బాధా అదే సార్! ఇక్కడ నేను ఫలానా ఆయన కొడుకుని. నోరు తెరిస్తే ఇంటికి ఫోన్ పోతుంది. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు, మాట్లాడొచ్చు.

పీఈటీ_విజిల్:
నా ఒళ్లు మండేదీ అక్కడే. మన పిల్లల ముందు చెప్పడానికి సిగ్గుపడేది, పరాయి పిల్లల ముందు ధైర్యంగా చెప్తావన్నమాట. వాళ్లకు మాత్రం అమ్మానాన్నలు లేరా?

జగిత్యాల_టు_దుబాయ్:
సార్, అక్కడే అలవాటు చేసుకుని వస్తే ఇక్కడ చెప్తాడేమో. అట్లైనా పోనివ్వరా?

పీఈటీ_విజిల్:
పోనీ. కానీ పోయేముందు ఒక శనివారం మా స్కూలుకు రమ్మనండి. తొమ్మిదో తరగతితో ఆ బంతి ఆట ఆడించమనండి. తల్లిదండ్రులు వస్తే గేటు దగ్గర నేనుంటా.

ఐసీటీసీ_అక్క:
నేనూ వస్తాను సార్. తమ్ముడూ, ఉగాండాకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, చివరి నిమిషం దాకా ఆగకు.

కాజీపేట_జంక్షన్:
ఆ టీకా డబ్బులు ఎవరు కట్టాలి?

హన్మకొండ_పోరగాడు:
సార్, మీది ఏ స్కూలో మీ పాత పోస్టుల్లో చూశాను. అక్కడ తెలుగు టీచర్ మా మేనత్త.

పీఈటీ_విజిల్:
తెలుసు. ఆవిడనూ గుండ్రంగా నిలబెడదాం.