కింది సెక్షన్‌కు మార్చాక మా అమ్మాయి లెక్కలు వదిలేస్తోంది: ఎదుటివాళ్ళ అంచనాకు అంత బలం ఉంటుందా?

కంచరపాలెం తల్లి:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి విశాఖపట్నంలోనే ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎనిమిదో తరగతి చివరి పరీక్షలో లెక్కల మార్కులు తగ్గాయన్న కారణంతో జూన్‌లో ఆమెను ‘ఎ’ సెక్షన్ నుంచి ‘సి’ సెక్షన్‌కు మార్చారు. పుస్తకాలు అవే, సిలబస్ అదే, ఫీజు కూడా అంతే. అయినా మూడు నెలల్లో పిల్ల చదివే తీరే మారిపోయింది.

నిన్న రాత్రి ఆమె పాత లెక్కల నోటుబుక్కునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానిలో ప్రతి పేజీకీ కుడివైపు పెన్సిలుతో చేసిన రఫ్ వర్కు, కొట్టివేతలు, మళ్ళీ మొదలుపెట్టిన లెక్కలు ఉన్నాయి. కొత్తదానిలో ఆ అంచు తెల్లగా ఉంది. త్రిభుజాల సర్వసమానత్వం పాఠంలో ఒక లెక్కకు బొమ్మ గీసి, ‘గివెన్’ అనీ ‘టు ప్రూవ్’ అనీ రాసి, ఆ కింద సగం పేజీ ఖాళీగా వదిలేసింది. ఎందుకని అడిగితే, ‘‘అది మా సెక్షన్‌కు అక్కర్లేదమ్మా, ముఖ్యమైన ప్రశ్నలు చదువుకుంటే పాసైపోతామని సార్ చెప్పారు’’ అంది.

ఎదుటివాళ్ళ అంచనా ఒక పిల్ల చదువును నిజంగా కిందికి లాగగలదా, లేక ఆమె శక్తి ఇంతేనని పాఠశాల సరిగ్గానే గుర్తించిందా? ఇంట్లో మా ఆశకు మాత్రం లోటేమీ లేదు. ఇంజినీరింగ్ సీటు గురించి వాళ్ళ నాన్నగారు రోజూ గుర్తుచేస్తూనే ఉంటారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, గాజువాక:

అమ్మా, నేను మునిసిపల్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీరు చెప్పిన ఆ ఖాళీ సగం పేజీని ఎన్నో నోటుబుక్కుల్లో చూశాను. వాటిలో కొన్నింటికి నేనే కారణమని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ విషయంలో అందరూ ముందుగా చెప్పుకొనే ప్రయోగాన్ని రాబర్ట్ రోసెంథాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లెనోర్ జాకబ్సన్ అనే ప్రధానోపాధ్యాయురాలు కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చేసి, 1968లో పుస్తకంగా ప్రచురించారు. పిల్లలకు ఒక పరీక్ష పెట్టి, వారిలో సుమారు 20 శాతం మంది పేర్లను ఉపాధ్యాయులకు ఇచ్చి, ఈ ఏడాది వీళ్ళు బాగా పుంజుకుంటారని పరీక్షలో తేలినట్టు చెప్పారు. నిజానికి ఆ పేర్లు చీట్లు తీసినట్టుగా ఎంచినవే. ఏడాది గడిచాక చూస్తే, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు తోటివారికన్నా ఎక్కువ మెరుగుపడ్డారు.

అయితే మనసులో అనుకున్నంత మాత్రాన ఏదీ జరగదు. మంచి అంచనా ఉన్న పిల్లలతో ఉపాధ్యాయుడు ఆప్యాయంగా ఉంటాడు, వాళ్ళకు మరింత పాఠం, మరింత కఠినమైన పాఠం చెబుతాడు, జవాబు చెప్పే అవకాశం ఎక్కువగా ఇస్తాడు, తప్పు ఎక్కడ జరిగిందో విడమరచి చెబుతాడు అని రోసెంథాల్ వివరించారు. మీ అమ్మాయికి కోత పడింది ఈ రెండోదానిలో, అంటే మరింత కఠినమైన పాఠం చెప్పడంలో. నిరూపణలు ఆ సెక్షన్‌కు అక్కర్లేదని ఎవరో నిర్ణయించేశారు కాబట్టి, రేపు పరీక్షలో ఆమెకు అవి రాకపోతే ఆ నిర్ణయమే సరైనదని తేలినట్టు కనిపిస్తుంది.

నా సంగతి చెబుతాను. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు కొలిచి, సగటున అది ఒక్క సెకను దగ్గరే ఉందనీ, వెనుకబడ్డారని భావించిన పిల్లలకు ఇంకా తక్కువనీ గుర్తించారు. ఆ సమయాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పెరిగాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఇది చదివిన మర్నాడు నా తరగతిలో నన్ను నేనే గమనించుకున్నాను. ముందు బెంచీ పిల్లవాడు తడబడితే, ‘‘ఆలోచించు, వస్తుంది’’ అంటున్నాను. చివరి బెంచీ పిల్లవాడు లేచి నిలబడేలోపే, ‘‘సరే, కూర్చో’’ అంటున్నాను. ఆ పిల్లవాడికి ‘చదువు అబ్బలేదు’ అని అప్పటికే స్టాఫ్ రూములో అనేసుకున్నాం. ఆ మాటలో పాఠం చెప్పినవాడి ప్రస్తావన ఎక్కడా ఉండదు, గమనించారా?

పరిశోధక విద్యార్థిని, పెదవాల్తేరు:

మాస్టారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలిచాను. 1968 నాటి ఫలితాలపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ అటువంటి 18 ప్రయోగాలను కలిపి విశ్లేషించినప్పుడు, ఉపాధ్యాయులకు పిల్లలతో అప్పటికే రెండు వారాలకు మించిన పరిచయం ఉన్నచోట బయటివాళ్ళు చెప్పిన అంచనా దాదాపుగా పనిచేయలేదని తేలింది. ఉపాధ్యాయుల అంచనాలు చాలాసార్లు నిజమవడానికి, అవి మొదటే సరైనవి కావడం కూడా ఒక ప్రధాన కారణం. అందువల్ల మీ అమ్మాయికి లెక్కల్లో నిజంగా ఎక్కడైనా పునాది లోపం ఉందేమో విడిగా చూడవలసిందే.

కానీ సమాజం ముందే ముద్ర వేసిన పిల్లల మీద ఈ ప్రభావం ఎక్కువగా ఉంటుందనడానికి మన దేశంలోనే ఆధారం ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల బాలురకు కాగితం మీద దారి కనుక్కొనే పజిళ్ళు ఇచ్చారు. కులం ప్రస్తావించనప్పుడు పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ పేరుతోపాటు కులాన్ని చదివి వినిపించినప్పుడు దళిత బాలురు పూర్తిచేసిన పజిళ్ళు గణనీయంగా తగ్గాయి. ‘సి’ సెక్షన్ అన్న ముద్రను దానితో సమానం చేయను. కులం ముద్ర చాలా పెద్ద గాయం. అయినా ముద్రను పైకి చదివి వినిపించడం ఏం చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

మీ చివరి వాక్యం గురించి ఒక మాట. ‘అంచనా’ వేరు, ‘ఆశ’ వేరు. జర్మనీలోని బవేరియాలో 3,530 మంది విద్యార్థులనూ వారి తల్లిదండ్రులనూ 2002 నుంచి 2007 వరకు పరిశీలించిన ఒక అధ్యయనం ఈ రెంటినీ విడివిడిగా అడిగింది. తల్లిదండ్రుల ఆశ పిల్లలకు మేలు చేసింది కానీ, ‘నీకు ఇన్ని మార్కులు రావాలి’ అన్న ఆశ ‘నీకు ఇన్ని వస్తాయి’ అన్న అంచనాను మించిపోయిన ఇళ్ళలో పిల్లల లెక్కల ప్రగతి దెబ్బతింది. ఇంజినీరింగ్ సీటు రావాలని రోజూ చెబుతూనే, సెక్షన్ మారిందని ఇంట్లో దిగులుగా మాట్లాడుకుంటే, పిల్ల ఆ రెంటి మధ్య దూరాన్ని కొలుచుకుంటుంది.

పాత ఫిట్టరు, అక్కయ్యపాలెం:

నేను ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌లకు పని నేర్పేవాడిని. ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి, అంచు మీద ట్రై స్క్వేరు (మూల సరిగ్గా లంబంగా ఉందో చూసే పనిముట్టు) పెట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. సందులోంచి వెలుగు రాకూడదు. చెయ్యి తిరగదనుకున్న కుర్రాళ్ళకు మేము గరుకు పనులే ఇచ్చేవాళ్ళం, కాబట్టి వాళ్ళకు సన్నని పని ఎప్పటికీ వచ్చేది కాదు. ఒక ఏడు మనుషులు చాలక అలాంటి ఒక కుర్రాడికి సన్నని పని అప్పగించవలసి వచ్చింది. మొదటి మూడు ముక్కలు పాడుచేశాడు, నాలుగోదానికి వెలుగు ఆగింది. వాడు దాన్ని దించకుండా చాలాసేపు అలాగే పట్టుకొని చూశాడు. ఆ తరువాత మేము పొగడవలసిన అవసరం రాలేదు. అమ్మాయికి కాస్త కష్టమైన లెక్కే ఇచ్చి, దగ్గర కూర్చోండి.

కంచరపాలెం తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం పాఠశాలకు వెళ్ళి, సెక్షన్ మార్చమని అడగకుండా, ‘ఎ’ సెక్షన్‌కు ఇస్తున్న లెక్కల పేపర్లు మా అమ్మాయికీ ఇవ్వమని మాత్రమే అడిగాను. లెక్కల సార్ కాసేపు ఆలోచించి, సరే అన్నారు. ఇలా ఆయనను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు.

పరిశోధక విద్యార్థిని గారు చెప్పిన లోపం కూడా దొరికింది. రెండు త్రిభుజాల్లో ఏ కోణం ఏ భుజాల మధ్య ఉందో గుర్తించడంలో ఆమె పొరబడుతోంది. వాళ్ళ నాన్నగారు రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చొని, సీటు మాట ఎత్తకుండా, అట్టముక్కలతో త్రిభుజాలు కత్తిరించి ఇచ్చారు. ఐదు లెక్కల్లో రెండు చేసింది. మూడోది ఇంకా రాలేదు గానీ, ఆ పేజీ కుడి అంచున పెన్సిలుతో ఏదో రాసి, కొట్టేసి, కింద మళ్ళీ మొదలుపెట్టింది.