విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పిల్లలకి జూ, మ్యూజియం లాంటివి ఏమున్నాయి?

సింగ్‌నగర్ అమ్మ:

అందరికీ నమస్కారమండి. సంక్రాంతి సెలవులకి మా ఆడపడుచు తన ఇద్దరు పిల్లలతో బెంగళూరు నుంచి వస్తోంది. మావాళ్ళిద్దరితో కలిపి ఇంట్లో నలుగురు పిల్లలు. పెద్దదానికి పదకొండేళ్ళు, అందరికన్నా చిన్నాడికి నాలుగు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ చిన్నాడిది ఒకటే పాట, "అత్తా, మీ ఊళ్ళో జూ ఉందా? పులి ఉందా?" అని.

నేను ఇక్కడే పుట్టి పెరిగాను. అయినా చుట్టాలొస్తే మాకు తోచేవి దుర్గమ్మ గుడి, బ్యారేజీ, బీసెంట్ రోడ్డు. మాల్‌కి తీసుకెళ్ళి ఆటల మెషిన్ల దగ్గర వదిలేయడం నాకిష్టం లేదు. పిల్లలు ఏదన్నా చూసి ఇంటికొచ్చి దాని గురించి మాట్లాడుకోవాలని నా ఆశ. మావారేమో ఒకరోజు వైజాగ్ జూకి పోయొద్దాం అంటున్నారు. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. అలాగని ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి మేము తిరగడం నాకు బాగోదు. కారులో అందరం పట్టం, కాబట్టి బస్సయినా ఆటో అయినా ఫరవాలేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పటమట వాసి:

వైజాగ్ ఒక్కరోజులో అయ్యే పని కాదండీ. దగ్గర దగ్గర 350 కిలోమీటర్లు. హైదరాబాద్ కాస్త నయం, 275 దాకా ఉంటుంది. కానీ నెహ్రూ జూ అంటే 380 ఎకరాలు, నాలుగేళ్ళవాణ్ణి ఎత్తుకునే తిరగాలి. వెళ్ళేటట్టయితే రెండు జూలకీ సోమవారం సెలవని గుర్తుపెట్టుకోండి.

ఊళ్ళోనే అంటే బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది. మన పెద్దవాళ్ళకి విక్టోరియా మ్యూజియం అంటేనే తెలుస్తుంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరుతో 1887లో దానికి పునాది రాయి వేశారు. బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి విగ్రహం, పాత నాణేలు, కత్తులు ఉంటాయి. మా అబ్బాయి కత్తుల దగ్గర నుంచి కదల్లేదు. 1921లో కాంగ్రెస్ సభలు మన ఊళ్ళో జరిగినప్పుడే పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా అందించారు. ఆ సంగతి పెద్దపాపకి ముందే చెప్పి తీసుకెళ్తే బాగుంటుంది. అదే రోడ్డులో స్వరాజ్ మైదానం దగ్గర అంబేడ్కర్ విగ్రహం ఉంది, 81 అడుగుల పీఠం మీద 125 అడుగులు. కింద మ్యూజియం కూడా ఉంది. రెండూ ఒకే పూటలో అయిపోతాయి.

గుంటూరు సోషల్ టీచర్:

అమ్మా, నేను గుంటూరులో హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏటా పిల్లల్ని వెంటేసుకుని ఈ చుట్టుపక్కలంతా తిరుగుతుంటాను. మీరు రాసిన ఒక్క మాట, పిల్లలు చూసొచ్చి మాట్లాడుకోవాలన్నది, చదివి చాలా సంతోషమనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు పులి సంగతి. నాలుగేళ్ళవాడు పులి అంటాడుగానీ ఆ వయసుకి కావలసింది కదిలే ప్రాణి, అదీ దగ్గరగా. జూలో మిట్టమధ్యాహ్నం పులి నీడ చూసుకుని పడుకుంటుంది, పిల్లాడికి కనపడేది వీపొక్కటే. దానికోసం రైల్లో పోను ఆరుగంటలు, రాను ఆరుగంటలు పిల్లల్ని నలపొద్దు. ఉప్పలపాడు తీసుకెళ్ళండి. పెదకాకాని మండలంలో ఊరది, గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే. పెద్ద సరస్సేం కాదు, పక్షులు వచ్చి వాలే ఊరి చెరువు. చిన్నది కావడమే దాని గొప్ప. కొల్లేరులో పక్షి ఎక్కడో చుక్కలా ఉంటుంది. ఇక్కడ గట్టు మీద నిలబడితే చాలు, గూడబాతు (పెలికాన్) ముక్కు కింద వేలాడే సంచి కూడా కనపడుతుంది.

చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడ గూళ్ళు పెట్టి పిల్లల్ని చేస్తాయి. మీరు వెళ్ళేసరికి గూళ్ళల్లో పిల్లలుంటాయి. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తలంతా దూర్చి చేపలు తింటుంటే మా ఆరో తరగతి పిల్లలు, "మేడమ్, తల్లి మింగేస్తోంది!" అని కేకలు పెట్టారు. ఎర్రకాళ్ళ కొంగ పెద్దదయ్యాక దాదాపు మూగదే. ముక్కు పైదీ కిందదీ కలిపి టకటకలాడిస్తుంది, అదే దాని మాట. దాని పిల్లలు మాత్రం ఒకటే గోల. "అరిచేదెవరు, టకటకలాడించేదెవరు" అని మీవాళ్ళని అడిగి చూడండి, కాసేపు ఎవరూ మిమ్మల్ని విసిగించరు. కొంగ తోక దగ్గర గులాబీరంగు ఈకలుంటాయి, వాటిని ముందు ఎవరు కనిపెడతారో చూడండి. సాయంత్రం నాలుగింటికల్లా చేరితే మేతకెళ్ళినవి గుంపులుగా తిరిగొచ్చి దిగడం చూడొచ్చు. రెట్టల వాసన గట్టిగానే ఉంటుంది, ముందే చెబుతున్నా. పిల్లలు అయిదు నిమిషాల్లో మర్చిపోతారు. గట్టు మీద పెద్దగా అరవొద్దని, రాళ్ళు విసరొద్దని మాత్రం బండి దిగకముందే చెప్పండి. తల్లి బెదిరి ఎగిరిపోతే గూట్లో పిల్లలు ఎండకి మాడిపోతాయి, కాకులు కాచుకుని ఉంటాయి.

ఇక మ్యూజియం అంటే నా ఓటు అమరావతికే. అక్కడి బౌద్ధ స్తూపం కోసం పలనాటి సున్నపురాయి మీద మనవాళ్ళు రెండువేల ఏళ్ళ కిందట చెక్కిన పని అది. 1797లో మెకంజీ అనే దొర వచ్చి చూసేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి ఊరు కట్టడానికి ఆ స్తూపం దిబ్బ నుంచి రాళ్ళు, ఇటుకలు తవ్వుకుపోతున్నారు. 1845లో ఎలియట్ అనే ఇంకో దొర తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో కొన్ని ఆ తరవాత లండన్ వెళ్ళాయి. మంచి శిల్పాలు చాలావరకు ఇవాళ చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ మాట క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది. అయినా మన దగ్గర మిగిలినవి చిన్నవేం కావు.

మ్యూజియంలో పిల్లలు విసిగిపోయేది మనం ప్రతి బోర్డూ చదివించడం వల్ల. అలా చేయొద్దు. లోపలికి వెళ్ళేముందు ఒక్కటే పని అప్పజెప్పండి, "రాళ్ళల్లో జంతువుల్ని వెతకండి" అని. ఏనుగులుంటాయి, గుర్రాలుంటాయి, సింహాలుంటాయి, అయిదు తలల నాగులుంటాయి. మొసలి నోరు, ఏనుగు తొండం కలిసిన మకరం దొరికితే చూసినవాళ్ళకి ఒక జీడి. పెద్దపాపకి వేరే పని ఇవ్వండి. స్తూపం ఇప్పుడు మట్టి దిబ్బలా ఉంది కదా, ఒకప్పుడు ఎలా ఉండేదో శిల్పులే పలకల మీద చెక్కి పెట్టారు. ఆ పలక వెతికి బొమ్మ గీయమనండి. ఆరుబయట స్తూపం నమూనా కూడా ఉంది, తను గీసిన బొమ్మ దానితో పోల్చి చూసుకుంటుంది. నోటుబుక్కు, పెన్సిలు మర్చిపోకండి. అది కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్ ఉండదు. శుక్రవారం సెలవు.

మ్యూజియం అవగానే ధ్యానబుద్ధుడి దగ్గరికి వెళ్ళండి. 125 అడుగుల విగ్రహం, చుట్టూ ఖాళీ స్థలం. గంటసేపు "ముట్టుకోవద్దు, పరిగెత్తొద్దు" అని ఆపిన పిల్లల్ని అక్కడ వదిలేయండి.

ఉండవల్లి గుహలు కూడా మంచివే, మూడో అంతస్తు బయట కూర్చున్న రుషుల విగ్రహాలు పిల్లలకి బాగా నచ్చుతాయి. కానీ మెట్లున్నాయి, ఈసారికి మీ అత్తయ్యగారి కోసం వదిలేయండి. నాగార్జునకొండ కూడా ఇప్పుడే వద్దు. లాంచీ ప్రయాణం, ఎండ, చిన్నాడికి ఎక్కువైపోతుంది. పెద్దపాప హైస్కూల్లో కాస్త పైకెళ్ళాక తప్పకుండా తీసుకెళ్ళండి. డ్యామ్ నీళ్ళల్లో మునిగిపోతుందని ఒక లోయ మొత్తాన్ని తవ్వి, దొరికింది దొరికినట్టు గుట్ట మీదకి చేర్చిన కథ అప్పటికి తనకి అర్థమవుతుంది.

సింగ్‌నగర్ అమ్మ:

టీచర్‌గారూ, మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. మీరు రాసింది మావారికి చదివి వినిపించాను, వైజాగ్ మాట మానేశారు. చిన్నాడికి ఫోన్లో గూడబాతు గురించి చెబితే, "దానికి పళ్ళుంటాయా, కరుస్తుందా" అని అడిగాడు. నాకు తెలియలేదు. ఇంకొకటి, అమరావతిలో అత్తయ్యగారు కూర్చోవడానికి వీలుంటుందా? అమరేశ్వరస్వామి దర్శనం చేసుకోవాలని ఆవిడ ఎన్నాళ్ళనుంచో అంటున్నారు.

ఇబ్రహీంపట్నం మనిషి:

కొండపల్లి సంగతి ఎవరూ రాయలేదేంటండీ? మీకు పక్కనేగా. ఖిల్లా సంగతి తరవాత, ముందు బొమ్మల కాలనీకి తీసుకెళ్ళండి. అరుగుల మీదే పని చేసుకుంటుంటారు. తెల్లపొణికి కర్రని సన్నసెగ మీద ఆరబెడతారు. చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తరవాతే రంగు. కొట్లో అద్దాల వెనక చూసినదానికీ, ఏనుగుకి మన కళ్ళముందు తొండం అతికిస్తుంటే చూసినదానికీ చాలా తేడా ఉంటుంది. పనివాళ్ళని అడిగితే ఓపిగ్గా చెబుతారు. ఒక్కటి కోరుకుంటాను, చూసి ఊరికే వచ్చేయకండి, ఒక్కో పిల్లకి ఒక్కో చిన్న బొమ్మయినా కొనండి. ఎడ్లబండో, తాడెక్కే గీతకార్మికుడో. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినా ఆ ఇళ్ళల్లో కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళు తక్కువ. కొనేవాళ్ళుంటేనే నేర్చుకునేవాళ్ళుంటారు. మెట్లు లేవు, పెద్దావిడ కూడా హాయిగా చూడొచ్చు.

గుంటూరు సోషల్ టీచర్:

కొండపల్లి బాగా గుర్తుచేశారు. నలుగురిలో ఏ ఒక్కరికి చేతిపని మీద ఇష్టం ఉన్నా ఆ పూట అక్కడే గడిచిపోతుంది. తొందరపెట్టి లేవదీయకండి.

చిన్నాడికి చెప్పండమ్మా, గూడబాతుకి పళ్ళుండవు. పైముక్కు చివర చిన్న కొక్కెం ఉంటుంది, జారిపోయే చేపని అదే ఆపుతుంది. సంచిలో నీళ్ళతో సహా చేపని పట్టి, నీళ్ళు వంపేసి, ఆ తరవాత మింగుతుంది. మనం గట్టు మీదే ఉంటాం, అది మన జోలికి రాదు.

అమరేశ్వరుడి గుడికి మెట్లున్నాయి. పొద్దున్నే వెళ్ళండి, జనం పలచగా ఉంటే నిదానంగా, చెయ్యి పట్టుకుని ఎక్కించొచ్చు. దర్శనం అయ్యాక మ్యూజియం, తరవాత భోజనం, ఆఖరున బుద్ధుడు. మధ్యాహ్నం హోటల్ కోసం వెతుక్కోకుండా పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళండి. పిల్లలకి ఆకలేసిందంటే ఎంత గొప్ప శిల్పమైనా కంటికి ఆనదు. బస్సయితే నెహ్రూ బస్టాండులో ఎక్కేయొచ్చు. ఎనిమిదిమంది కాబట్టి బండి మాట్లాడుకోవడమే మేలు, కరకట్ట మీదుగా వెళ్తే దారంతా కృష్ణ పక్కనే.

ఒకే రోజు రెండూ పెట్టుకోకండి. ఉప్పలపాడు ఒక సాయంత్రం, అమరావతి ఒక పూర్తి రోజు, కొండపల్లి ఒక పొద్దుటిపూట. మధ్యలో ఒకరోజు ఇంట్లో ఖాళీగా ఉండనివ్వండి, చూసినవి బొమ్మలేసుకుంటారు. పండగ మూడు రోజులూ గుళ్ళ దగ్గర తోపులాట ఉంటుంది కాబట్టి అమరావతి కనుమ వెళ్ళాకే పెట్టుకోండి, శుక్రవారం కాకుండా చూసుకుని. ఉప్పలపాడుకి ఏ రోజు వస్తున్నారో ఇక్కడే రాయండి. మా బళ్ళో బైనాక్యులర్స్ రెండున్నాయి, హెడ్మాస్టరుగారిని అడిగి తెచ్చిపెడతాను.